కిటికీకి ఎర్రగుడ్డ కట్టిన మనిషి

మొన్న మా వీధిలోకి చేపల తట్ట వచ్చింది గానీ, కింద మనిషి మారింది. తట్ట అదే. అంచు విరిగిన చోట తీగతో కుట్టిన అతుకూ అదే. దాని కింద మాత్రం ఒక చిన్నది, చెమట కళ్ళలోకి కారుతుంటే, ఎవరి గుమ్మం ముందు ఆగాలో తెలియక నిలబడి ఉంది. నేనే వెళ్ళి చెయ్యి వేసి తట్ట దించాను.

"మీ అత్త ఏదమ్మా?" అన్నాను.

"పోనాదమ్మా. కర్మలు కూడా అయిపోనాయి. కూడు తినీసి తొంగున్నాది, తెల్లారి మరి నెగనేదు. ఏ బాదా పడనేదు."

ఏ బాధా పడలేదన్న ఆ చివరి మాటతో నా గుండె కాస్త కుదుటపడింది. ఆ పిల్లకి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. వాళ్ళ అత్త పేరేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ అడగనిది ఇప్పుడెందుకు! నేను "అప్పా" అని పిలిచేదాన్ని. మా వైపు అక్కని అలాగే అంటాం. ఆమె నన్ను "నెత్తళ్ళ సెల్లీ" అనేది. ఎవరు మొదటిసారి ఏ చేప కొంటే వాళ్ళకి ఆ చేప పేరు అంటించేసేది. ఎదురింటి మేష్టారి భార్య చందువమ్మ, పక్కింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల కవళ్ళ కోడలు. నేను కొత్తలో చవకని నెత్తళ్ళు కొన్నాను. ఆ తర్వాత వంజరం ముక్కలు కొన్నా సరే, నా పేరు మారలేదు.

అడిగిన చేప ఇచ్చే రకం కాదు అప్ప. తట్ట దించగానే ముందు గడప మీద కూలబడి ఇంట్లో సంగతులన్నీ తీసేది. "ఎవులున్నారు ఇంట్లో? మీ ఆయనకి దగ్గు తగ్గిందేటి? పిల్ల ఎప్పుడొస్తాది పురిటికి?" అన్నీ విన్నాక తట్ట మీది గోనెగుడ్డ తీసి, తనకి నచ్చింది తీసి పెట్టేది. మా ఆయన జూటుమిల్లులో పనిచేసిన మనిషి. ఆ నారధూళికి ఊపిరి ఆడేది కాదు. ఆయన ఎంత మనసుపడినా పీతలు ఇచ్చేది కాదు. "మావకి ఆయాసం ఎక్కువైపోద్ది. కొరమేను అట్టుకుపో," అనేది. ఆయన అరుగు మీంచి, "డబ్బులిచ్చేది నేనా నువ్వా?" అని అరిస్తే, "డబ్బులు నీవే మావా, ఆయాసం కూడా నీదే," అనేది. మా ఇంట్లో ఆయన్ని ఎదిరించి గెలిచిన మనిషి ఆమె ఒక్కతే.

మా పెద్దపిల్ల పురుడు పోసుకున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే, బాలింతకి పాలు పడతాయని పాలసొర చేప పట్టుకొచ్చింది. తట్ట గుమ్మంలో వదిలేసి వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నేను గరిటె పెట్టి కలపబోతే ఒక్క కేక పెట్టింది. "ఒసే, సేపల కూరలో గరిటి పెడతావేటే! సెదిరిపోద్ది. గిన్ని అట్టుకుని తిప్పు." అలా కూర దిగేదాకా ఉండి, వెళ్ళే ముందు మనవరాలి ముఖంలోకి చూసి, "ముక్కు మాత్రం తాతదే, పాపం," అని మా ఆయనకి వినిపించేలా అని మరీ వెళ్ళింది.

ఆమె చేతులు చెప్పుకోవాలి. ఐసులో, ఉప్పులో నాని నాని, పొలుసులు గీరి గీరి, వేళ్ళ కొసలు గచ్చులా బండబారిపోయాయి. మణికట్టు దాకా ఎప్పుడూ పొలుసులు అంటుకుని ఉండేవి. ఎండలో చెయ్యి ఊపుతూ బేరం ఆడుతుంటే గాజుల కంటే ముందు అవే మెరిసేవి.

వీధిలో కంటే రైల్లోనే ఆమెని నేను ఎక్కువ ఎరుగుదును. మా పుట్టిల్లు పాతపట్నం. అక్కడినుంచి చిన్న బండిలో నౌపడ వచ్చి, నెల్లిమర్ల రావడానికి పాసింజరు కోసం కాచుకోవాలి. ఉప్పు మళ్ళ మీంచి వచ్చే గాలికి పెదాలు ఉప్పగా అయిపోయేవి. సముద్రం ఒడ్డు ఊరినుంచి ఆటోలో తట్టతో వచ్చి ఆమె కూడా అక్కడే దిగేది. ఇద్దరం ఒకే పెట్టె ఎక్కేవాళ్ళం.

నేను చెప్పబోయేది అలాంటి ఒక రోజు సంగతి. ఈ మధ్యదే.

ఆ రోజు పెట్టె ఖాళీగానే ఉంది. అప్ప తట్టని తలుపు దగ్గర పెట్టి, నా ఎదురుగా కిటికీ పక్కన కూర్చుంది. అవతల ఒక పెద్దమనిషి కండువాతో ముక్కు మూసుకున్నాడు. "బాబూ, ఇదే సేప మద్దేనం కూరలోకొస్తే ఆ గుడ్డ తీసీస్తావు గదేటి," అంది. ఆయనకి కూడా నవ్వాగలేదు.

ఆమె పక్కన ఒక చిన్న వయసు కోడలుపిల్ల కూర్చుంది. పెళ్ళై రెండు మూడేళ్ళు అయ్యుంటాయేమో. చేతిలో ఫోను రెండు అరచేతుల మధ్య మూసిపెట్టి, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. తెరిచి చూడటం, మూయడం, మళ్ళీ చూడటం. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

అప్ప ఊరుకుంటుందా! "ఎవులి కోసమే అమ్మీ ఆ సూపు?" అంది.

 ఆ పిల్ల మెల్లిగా చెప్పింది. "ఆయన గుజరాత్ బోటు మీదకి ఎల్లినారు. ఆవేపు గాలివాన అన్నారు. కూడా ఎల్లిన బోట్లన్నీ ఒడ్డుకొచ్చీసినాయి. ఈల్లదే రానేదు. మా అత్త ఆడపడుసు ఇంటికాడున్నాది, ఆవిడికి ఆ సంగతి సెప్పీసినారు. ఆవిడ అన్నం మానీసినాది. సూద్దామని తిలారు ఎల్తన్నాను."

మా శ్రీకాకుళం ఒడ్డు ఊళ్ళలో మగవాళ్ళు సగం మంది అలా పడమటి సముద్రానికి పనికి వెళ్ళినవాళ్ళే. వాళ్ళు వేటలో ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఆడవాళ్ళకి ఫోనే ఆధారం. అప్ప ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది గానీ, వస్తాడులే అనలేదు. ఆమెకి సముద్రం తెలుసు. "తొంగో కాసేపు. తిలారొస్తే నాను లేపుతాను," అని మాత్రం అంది.

ఎన్నాళ్ళ నిద్రో ఏమో, ఆ పిల్ల అలాగే ఆమె భుజం మీద వాలిపోయింది. తిలారు వచ్చాక అప్ప తట్టి లేపేసరికి ఉలిక్కిపడి, సంచీ పట్టుకుని, కదలబోతున్న బండిలోంచి ఒక్క గెంతులో దిగిపోయింది. బండి స్టేషను దాటేసింది. అప్పుడు మోగింది ఫోను. సీటుకీ కిటికీ గోడకీ మధ్య సందులోంచి.

అప్ప దాన్ని లాగి పట్టుకుంది. పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారి తెలివితేటలు వచ్చేశాయి.

"ఎత్తకు ముసలమ్మా, పోలీసు కేసవుద్ది," అన్నాడు పై బెర్తు మీంచి ఒక కాలేజీ కుర్రాడు.

"వచ్చే స్టేషనులో స్టేషను మాస్టరుకి అప్పజెప్పు. మనకెందుకు," అన్నాడు కండువా ఆయన.

"ఎత్తండి, ఎత్తి ఎవరో కనుక్కోండి, ఆగిపోతుంది," అని పెట్టెలో పల్లీలు అమ్ముకునే మనిషి తొందర పెట్టాడు.

ఆమెకి ఎత్తాలనే ఉంది. కానీ అద్దం మీద ఆ ఆకుపచ్చ గుండ్రాన్ని ఎంత తోసినా కదలడం లేదు. ఆ వేళ్ళ కొసలు దానికి ఆనడం లేదు. చీరకి తుడుచుకుని మళ్ళీ తోసింది. లేదు. నేను చెయ్యి చాపేలోపే ఆమె ఫోనుని ముఖం దగ్గరికి తెచ్చుకుని, ముక్కు కొసతో ఒక్క తోపు తోసింది. వెళ్ళింది.

అవతల మనిషి సముద్రం హోరుకి అలవాటు పడ్డ గొంతుతో అరుస్తున్నాడు. మాకందరికీ వినిపించింది.

"ఒసే! నానే! ఒడ్డుకొచ్చీసినాం! బోటు ఇరిగిపోనాది గానీ మనుసులందరం బాగున్నాం. అమ్మకి సెప్పు, అన్నం తినమను. ఈ ఫోను ఎవులిదో, ఇచ్చీయాల..."

"ఒరే నాయనా, నాను నీ పెల్లాన్ని కాన్రా! నువ్వు..." అని అప్ప అరిచేలోపు మాట తెగిపోయింది. వెంటనే ఫోను కూడా నల్లబడిపోయింది. ఛార్జింగు అయిపోయినట్టుంది. కుర్రాడు పైనుంచి దూకి తన ఛార్జరు తీశాడు. పెట్టెలో ప్లగ్గులయితే ఉన్నాయి, కరెంటు లేదు.

మొదట ఎవరో నవ్వారు, పెళ్ళాన్ని కానన్న మాటకి. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వెనక ఆ పిల్ల మొగుడు బతికి ఉన్నాడో లేడో తెలియక, అన్నం మానేసిన అత్త మంచం దగ్గరికి వెళ్తోంది. అతను బతికే ఉన్నాడని ఇక్కడ పల్లీల మనిషికి కూడా తెలుసు. ఆ పిల్ల పేరు మాలో ఎవరికీ తెలియదు, ఆడపడుచు ఇల్లు ఎక్కడో తెలియదు.

"మరి స్టేషను మాస్టరుకి ఇచ్చెయ్యడమే," అన్నాడు కండువా ఆయన ఇంకోసారి.

"ఫోను ఇస్తాను బాబూ, ఈ కబురు ఎవులికి ఇచ్చీమంతావు?" అంది అప్ప. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "పోగొట్టుకున్నది తిరిగి ఎతుక్కుంటా ఒస్తాది. ఏ పెట్టో దానికెలగ తెలుస్తాది? అన్నీ ఒకేనాగుంతాయి," అంది.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉందట. ఎవరి వలైనా తెగి కొట్టుకొచ్చి ఇంకొకరికి దొరికితే, దొరికినవాళ్ళు తమ పడవ కొయ్యకి ఒక గుడ్డ కడతారు. పోగొట్టుకున్నవాడు దూరంనుంచే చూసి, నా వల ఆ పడవలో ఉందని తెలుసుకుని వస్తాడు. నాకు ఆ మాట చెబుతూనే ఆమె లేచి, తట్ట కింద తలమీద పెట్టుకునే చుట్టగుడ్డ విప్పేసింది. చీర చించి చేసినది, ఎర్రగా, బారుగా ఉంది. దాన్ని కిటికీ ఊచకి కట్టి బయటికి వదిలేసింది. బండి వేగానికి అది తపతపా కొట్టుకుంటూ ఎగిరింది.

"ఇదేం పడవా?" అన్నాడు కుర్రాడు.

"కొట్టుకుపోతన్నాది గదేటి, పడవే," అంది.

తర్వాతి స్టేషను ఊర్లాంలో బండిని పక్క లైనులో ఆపేశారు. ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. తర్వాత ఒక గూడ్సు, తోకే కనిపించనంత పొడుగుది. మామూలుగా అయితే అందరం తిట్టుకుంటాం. ఆ రోజు ఒక్కరూ తిట్టలేదు. కండువా ఆయన కూడా తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి చూస్తున్నాడు. అప్ప ఫోను బొడ్లో దోపుకుని, కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. తట్టలో ఐసు కరిగి నీళ్ళు తలుపు వైపు పారుతున్నాయి. ఆమె చూడలేదు.

చివరికి సిగ్నలు పడింది. బండి కూత వేసింది. కానీ కదల్లేదు. కాసేపటికి తెల్లచొక్కా గార్డు కంకర మీద విసవిసా నడుచుకుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎవరే ఇది కట్టింది? బండికి ఎర్రగుడ్డ కడితే ఏమవుతుందో తెలుసా? డ్రైవరు వెనక్కి చూసి బండి తియ్యనంటున్నాడు!"

మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టనే లేదు. కుర్రాడు నెత్తి మీద కొట్టుకున్నాడు. అప్ప మాత్రం బెదరలేదు. "నా కాడున్నది ఇదే బాబూ. పచ్చది ఉంటే పచ్చదే కట్టుదును."

"విప్పు ముందు!"

"ఇప్పుతాను. ఆ పిల్ల రానీ."

"ఏ పిల్ల? బండి ఎవరి కోసమూ ఆగదు."

"ఆగింది గదేటి."

గార్డు మండిపడి తనే ముడి మీద చెయ్యి వేశాడు. అది వల ముడి. లాగేకొద్దీ బిగుసుకుంది. అప్పుడు నేను కల్పించుకుని జరిగింది చెప్పాను. నా మాట చాలనట్టు కుర్రాడూ, పల్లీల మనిషీ, కండువా ఆయనా తలో ముక్కా కలిపారు. గార్డు వింటూ వింటూ ముడి మీంచి చెయ్యి తీసేశాడు. సిగ్నలు వైపు చూశాడు. వెనక రోడ్డు వైపు చూశాడు.

"అతనే మాట్లాడాడా? చెవులారా విన్నారా?"

"పెట్టంతా ఇన్నారు బాబూ."

ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, "నీ ముడి నువ్వే విప్పు. నెమ్మదిగా విప్పు," అన్నాడు.

అప్ప అంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. ఒక పోగు లాగి, మళ్ళీ అది కాదన్నట్టు సర్ది, ఇంకో పోగు వెతికింది. గార్డు వేరే వైపు తిరిగి నిలబడ్డాడు.

స్టేషను బయట ఆటో ఆగిన చప్పుడు. ఆ పిల్లే. ఒక కాలికే చెప్పు ఉంది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చి బండి మొదటినుంచి చివరిదాకా బిక్కమొహం వేసి చూసింది. మేమందరం అరుస్తూనే ఉన్నాం గానీ ఇంజను మోతలో వినపడలేదు. సగం విప్పిన గుడ్డని అప్ప మళ్ళీ బయటికి వదిలి ఊపింది. ఆ పిల్ల దాన్ని చూసి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఫోను... సీట్లో... ఆటో ఆయన ఫోనునుంచి సేస్తే ఆగిపోనాదంతన్నాది..."

అప్ప ఫోను ఇవ్వలేదు. ఊచల్లోంచి చెయ్యి చాచి ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఫోనున్నాది. ముందిది ఇను. నీ పెనిమిటి ఒడ్డుకొచ్చీసినాడు."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఊరికే అనకమ్మా. ఎవులు సెప్పినారు?"

"ఆడే. ఈ ఫోనులోనే."

"ఏటన్నారు? ఎలగన్నారో అలగే సెప్పు."

అప్ప గొంతు సవరించుకుంది. తర్వాత అతను అరిచినట్టే, అదే హోరుతో, స్టేషను అంతా వినిపించేలా అరిచింది. "ఒసే! నానే! ఒడ్డుకొచ్చీసినాం! బోటు ఇరిగిపోనాది గానీ మనుసులందరం బాగున్నాం. అమ్మకి సెప్పు, అన్నం తినమను!"

అమ్మని అన్నం తినమన్న మాట దగ్గర ఆ పిల్లకి నమ్మకం కుదిరింది. రెండో చేత్తో ఊచ పట్టుకుంది. అప్ప ముఖంలోకే చూస్తూ, ఒక్కసారిగా విరుచుకుపడింది.

"ఇప్పుడా సెప్పడం? ఇన్నాల్లు ఏటైపోనావు? మీ అమ్మ మెతుకు ముట్టనేదు. నాను ఎవులి కాడ ఏడవాల? ఆ దిక్కుమాలిన బోటు ఎక్కొద్దు ఎక్కొద్దంటే ఇన్నావేటి నువ్వు?"

అంతదాకా మొగుణ్ణి "ఆయన" అన్న పిల్ల, అప్పని పట్టుకుని నువ్వు, నువ్వు అని దులిపేస్తోంది.   ఎవరు ఒక మాటంటే పది అప్పజెప్పే మా అప్ప తల వంచుకుని ఆ తిట్లన్నీ పడింది. అన్నీ అయ్యాక, మెల్లిగా, "తప్పయిపోనాదే. ఏడవకు. తప్పయిపోనాది," అంది.

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది కూడా.

గుడ్డ లోపలికి వచ్చింది. బండి కదిలింది. అప్ప ఫోనుని ఊచల్లోంచి ఆ పిల్ల గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. ఆ పిల్ల నాలుగడుగులు మాతో నడిచి, గిరుక్కున తిరిగి, తిలారులో అన్నం మానేసిన మనిషి దగ్గరికి ఆటో వైపు పరుగెత్తింది.

కొంత దూరం వెళ్ళాక, పెట్టెలో మళ్ళీ మాటలు మొదలయ్యాక, నేను నెమ్మదిగా అడిగాను. "అప్పా, ఆ పిల్ల మొగుడు ఫోనులో తప్పయిపోయిందని అనలేదు కదా?"

"అననేదు," అంది ఆమె, తట్టలో నీళ్ళు వంపేస్తూ. "మా ఇంటాయనా ఎన్ని దినాలకి ఒడ్డుకొచ్చినా ఎప్పుడూ అననేదు. ఎవులో ఒకులు అనాల గదే సెల్లీ. అనీసినాను."